ఆంగ్లమున విద్యావిషయక రచన : హైదరాబాదు నుండి పెరదెనియ వరకు

డిగ్రీ తుది సంవత్సరపు పరీక్షలు ముగిసిన నాటి నుండి మన విద్యార్థులలో కొందరు ఒక విచిత్రమైన వస్తువును కొనుచున్నారు. విదేశీ విశ్వవిద్యాలయములో ప్రవేశము కోరువాడు తన్ను గూర్చి, తాను చదువదలచిన విషయమును గూర్చి ఒకటి రెండు పుటలు ఆంగ్లమున వ్రాసి పంపవలెను. దానిని స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అందురు. మన పిల్లలు ఎస్.ఓ.పి. అని పొట్టిగా పిలుచుచున్నారు. ఆ రెండు పుటలను అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రుసుము పుచ్చుకొని వ్రాసియిచ్చు వారున్నారు. మూడేండ్లు చదివి పట్టము పొందిన యువకుడు తన జీవితమును గూర్చి తాను చెప్పుకొనవలసిన మొదటి మాటను డబ్బిచ్చి పరులచేత చెప్పించుకొనుచున్నాడు. మహేశ్వరం మీదుగా ఎగిరిపోవు విమానములలో అట్టి అరువు మాటలు ఎన్ని పోవుచున్నవో!

దీనిని సోమరితనమని కొట్టివేయుట సులభము. కాని మా అనుభవమున చూడగా వీరిలో చాలమంది కష్టించి చదివినవారే. వారికి ఆంగ్లమున చదువుట వచ్చును, కొంత మాటలాడుట వచ్చును. ఒక విషయమును తీసికొని, తెలిసినదేదో తెలియనిదేదో విడదీసి, ఆధారము చూపి, తన అభిప్రాయమును నిలబెట్టి వ్రాయుట మాత్రము వారికి ఎవరును ఎన్నడును నేర్పలేదు. ఈ విధమైన వ్రాతనే విశ్వవిద్యాలయములలో అకడమిక్ రైటింగ్ అనుచున్నారు. ‘విద్యావిషయక రచన’ అని మేము తెనిగించుకొన్నాము. మేము ఆంగ్లోపన్యాసకులము కాము, తెలుగు పాఠము చెప్పుకొను వారము. అయినను ఈ వ్యాసమునకు పూనుకొనుటకు కారణమున్నది. ఈ విద్యను నేర్పుటకై దేశముల మధ్య జరిగిన సహకారములో పెద్ద భాగము మన హైదరాబాదు నగరముననే జరిగినది. ఆ కథ మన విద్యార్థులకు గాని, కళాశాల సంఘము పెద్దలకు గాని అంతగా తెలిసినట్లు లేదు.

ముందు ఆ రచన యెట్టిదో ఒక ఉదాహరణముతో చూతము. ‘మహేశ్వరం మండలములో బోరుబావుల నీటిమట్టము’ అను విషయమిచ్చి ఒక పుట వ్రాయుమన్నామనుకొనుడు. మన విద్యార్థి తెలుగు మాధ్యమము వాడైనను, ఉర్దూ మాధ్యమము వాడైనను, జలమే జీవనాధారమనియు ప్రాచీన నాగరికతలన్నియు నదీతీరములందే వెలసినవనియు ప్రారంభించును. సింధులోయ వచ్చును, నైలు నది వచ్చును. ఉర్దూ విద్యార్థి యైనచో తమ్హీద్‌లో ఒక మంచి షేర్ కూడ వచ్చును. మహేశ్వరం మాత్రము రెండవ పుటకు గాని రాదు. వచ్చినను, నీరు తగ్గినదనుటకు ఎవరు కొలిచినారో, ఎప్పుడు కొలిచినారో ఉండదు. చివర ప్రభుత్వమును ప్రజలను మేల్కొలుపు రెండు వాక్యములతో వ్యాసము ముగియును.

విద్యావిషయక రచనలో ఇదే విషయము మరియొక త్రోవన నడచును. ఈ ప్రాంతపు భూగర్భజలమును గూర్చి ఇంతకుముందు ఎవరెవరు ఏమి కనుగొన్నారో మొదట చెప్పవలెను. పిదప వారు చూడక విడిచినదేదో చూపవలెను. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిమ్మట చుట్టుపట్ల తోటలు లేఅవుట్లుగా మారిన గ్రామములున్నవి గదా. సేద్యము తగ్గిన ఆ చోట్ల నీటిమట్టము లేచినదా, లేక ఇండ్ల బోర్లు సేద్యపు బోర్లను మించి తోడివేసినవా అన్న ప్రశ్న అట్టిది. మూడవది, నేను ఫలానా గ్రామములలో ఫలానా బావులను ఇన్ని నెలలు చూచి ఈ ప్రశ్నకు జవాబు వెదకెదనని చెప్పవలెను. మన పల్లెల భాషలో చెప్పవలెనన్న, మొదట పొలము చూపుట, తరువాత అందులో బీడుపడియున్న మడిని చూపుట, చివరకు ఆ మడిలో తన నాగలి దింపుట.

ఈ మూడు మెట్లను మొదట స్పష్టముగా గుర్తించినవాడు జాన్ స్వేల్స్ అను ఆంగ్లేయ అధ్యాపకుడు. శాస్త్ర పత్రికలలోని వ్యాసముల ప్రారంభములను విప్పి చూచి, ఇంగ్లాండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయము నుండి 1981లో ఒక చిన్న అధ్యయనమును వెలువరించినాడు. 1990లో వచ్చిన ‘జాన్ర్ అనాలిసిస్’ అను గ్రంథములో ఆ మూడు మెట్లకు స్థిరమైన రూపమిచ్చినాడు. నేడు ప్రపంచమున విద్యావిషయక రచన నేర్పు చోట్ల ఈ పద్ధతి వాడనిచోటు అరుదు. మాకు మిక్కిలి ముఖ్యముగా తోచిన విషయము వేరొకటి. ఆస్టన్‌కు రాకముందు స్వేల్స్ 1970ల దశాబ్దములో సూడాన్ దేశపు ఖార్టూమ్ విశ్వవిద్యాలయములో పనిచేసినవాడు. అరబ్బీ మాతృభాషగా గల విద్యార్థులు విజ్ఞానశాస్త్రములను ఆంగ్లమున చదువ నవస్థపడుచుండగా వారికి తోడ్పడుట అక్కడ ఆయన పని. పుట్టుకతో ఆంగ్లము వచ్చినవానికి తన భాషలోని వ్రాతకట్టు కనబడదు, మన యింటి వాసన మనకు తెలియనట్లే. అది తెలియవలెనన్న బయటివాడు వచ్చి అడుగవలెను. ఈ విద్య పుట్టుకలోనే సరిహద్దులకు ఇవతలివారి పాలు ఉన్నదని మేమనుట ఇందువలననే.

బయటివారిని అర్థము చేసికొన బోయి తొందరపడినవారును లేకపోలేదు. 1966లో రాబర్ట్ కాప్లాన్ అను అమెరికా పండితుడు ఒక్కొక్క భాషాకుటుంబమువారి పేరా యెట్లు నడచునో బొమ్మలు గీచి చూపినాడు. ఆంగ్లము తిన్నని గీత. సెమిటిక్ భాషలది అటునిటు సాగు సమాంతర రేఖల వరుస. ప్రాచ్యులది చుట్టలు చుట్టుకొను గీత. ఆ బొమ్మలు ఉపాధ్యాయులకు ఎంతగా నచ్చినవన్న, చాలకాలము శిక్షణ తరగతులలో అవి శాసనములవలె చెల్లుబాటైనవి. విమర్శలు వచ్చిన పిమ్మట కాప్లాన్ స్వయముగా తన మాటను సడలించుకొన్నాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో పనిచేసిన యమునా కచ్రూ వంటివారు హిందీ గద్యమును పరిశీలించి, మన భాషలలో తిన్నగా నడచు వ్రాతయు కలదనియు, చుట్టు తిరిగి వచ్చు వ్రాతకును దాని తర్కము దానికి కలదనియు చూపినారు. ఈ మాట మన విద్యార్థులు తప్పక వినవలెను. వారి వ్యాసము నైలు నది మీదుగా వచ్చుట బుద్ధిలోపము కాదు, వారికి నేర్పిన మర్యాద అది. అతిథిని గుమ్మములోనే పని అడుగరాదన్నట్టి మర్యాద. ఆంగ్ల విద్యావిషయక రచనకు వేరొక మర్యాద ఉన్నది, అంతే.

ఆధారము చూపుట అన్నది మనకు క్రొత్త అనుకొనుట అంతకన్న పొరపాటు. ఉర్దూలో ఆధారమును ‘హవాలా’ అందురు. బజారులో ఆ మాటకు పట్టిన చెడ్డపేరు సంగతి యిక్కడ విడువవచ్చును. హదీసు విద్యలో ఒక వాక్యమును చెప్పుటకు ముందు అది ఎవరినుండి ఎవరికి, ఎవరిద్వారా వచ్చినదో ఆ సనదు అంతయు చెప్పవలసినదే. గొలుసులో ఒక్క మనిషి నమ్మదగనివాడైనను ఆ మాట బలము తగ్గును. ఇక తెలుగునాటి సంగతి. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన మల్లినాథసూరి మెదకు ప్రాంతపు కొల్చారమువాడని ప్రసిద్ధి. మూలములేని దానిని వ్రాయననియు, అవసరములేని దానిని పలుకననియు ఆయన తన వ్యాఖ్యల ఆరంభముననే ప్రతిజ్ఞ చేసినాడు. నేటి పరిశోధక విద్యార్థికి విశ్వవిద్యాలయము పెట్టు రెండు షరతులును ఇవియే గదా!

ఇట్టి సంపద గల నేలమీద విద్యావిషయక గద్యమును పనిగట్టుకొని నిర్మించిన చరిత్రయు కలదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధన మాధ్యమముగా స్వీకరించినది. ఆంగ్లము నిర్బంధ పాఠ్యాంశముగా నిలచినది. పాఠ్యగ్రంథములు సిద్ధము చేయుటకై అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా ఏర్పడినది. దాని తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్. జోష్ మలీహాబాదీ వంటి మహాకవి కూడ కొంతకాలము అక్కడ ఉద్యోగము చేసినాడు. అక్కడి పని ఒక్కరు ఒక మూల కూర్చుండి చేయు అనువాదము కాదు. పారిభాషిక పదములకై సంఘములు కూర్చుండెడివి. శాస్త్రమెరిగినవారు, భాష యెరిగినవారు ఒకే బల్లచుట్టు చేరి ఒక్కొక్క మాటకై వాదించుకొనెడివారు. ఆ వాదములనుండియే వహీదుద్దీన్ సలీమ్ గారి ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ వంటి గ్రంథము 1921లో వచ్చినది. తెలుగునకై ఇటువంటి ప్రయత్నము 1968లో తెలుగు అకాడమి స్థాపనతో జరిగినది, పి.వి. నరసింహారావు గారు దానికి తొలి అధ్యక్షులు. వ్రాసినదానిని నలుగురి యెదుట పెట్టి దిద్దించుకొనుట అను అలవాటు హైదరాబాదులో ఉర్దూ విద్యారచనకు పునాది. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. దేశమంతట అప్పటికే ఒక చిక్కు ఎదురైయున్నది: పాఠశాలలు మాతృభాషకు మారుచుండగా కళాశాలలు ఆంగ్లముననే సాగుచున్నవి. రెంటికి నడుమ పడిన విద్యార్థిని గట్టెక్కించుటకు ఆంగ్లోపాధ్యాయులకే ముందు శిక్షణ కావలెనని తలచి, భారత ప్రభుత్వము 1958లో హైదరాబాదున కేంద్రీయ ఆంగ్ల సంస్థను స్థాపించినది. అమెరికాలోని ఫోర్డ్ ఫౌండేషన్ ధనసహాయము చేసినది. బ్రిటిష్ కౌన్సిల్ నిపుణులను పంపినది. తొలి సంచాలకుడుగా వచ్చిన వి.కె. గోకాక్ ఆంగ్లాచార్యుడే గాక కన్నడ కవి. పిమ్మట జ్ఞానపీఠ పురస్కారమునందుకొన్నవాడు. ఆంగ్ల బోధనకై పెట్టిన సంస్థను ఒక దేశభాషాకవి చేతిలో పెట్టుట మాకు ఎంతయు సమంజసముగా తోచుచున్నది. ఆ సంస్థ 1972లో విదేశీ భాషలను కూడ చేర్చుకొని ‘సీఫెల్’ అయినది. 1973లో విశ్వవిద్యాలయముతో సమానమైన ప్రతిపత్తి పొందినది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై నేడు ‘ఇఫ్లూ’ అను పేర తార్నాక దగ్గర నిలచియున్నది. దాని పొరుగుననే, ఉస్మానియా ఆవరణలో, 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలసినది. దాని గ్రంథాలయములో కూర్చుండి తమ పరిశోధన గ్రంథములను వ్రాసికొనిపోయిన అధ్యాపకులు దేశపు నలుమూలల నున్నారు.

ఇంత సహకారము జరిగియు మన విద్యార్థికి వ్రాత యేల రాలేదు? మా అభిప్రాయమున దీనికి రెండు కారణములు. ఆనాటి సహకారము ముఖ్యముగా ఉచ్చారణను, వాక్యనిర్మాణమును పట్టుకొన్నది. బ్రిటిష్ నిపుణులు తెచ్చినది నిర్ణీత వాక్యరూపములను వరుసగా, నోటితో పలుమార్లు పలికించు పద్ధతి. పొరుగున మద్రాసు రాష్ట్రములో 27,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు ఇదే పద్ధతిని నేర్పుటకు 1959 ప్రాంతమున ఒక బృహత్ప్రయత్నము జరిగినది. కొందరికి నేర్పిన వారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పుకొంటు పోవలెనని ఏర్పాటు. దొర్లుచు పెరుగు మంచుముద్దతో దానిని పోల్చినారు. మద్రాసు ఎండలో మంచుముద్ద యెంతదూరము దొర్లునో చదువరులే ఊహింపగలరు. ఒక చేతినుండి మరియొక చేతికి పోవునప్పటికి సారము తగ్గినది, తంతు మిగిలినది. రెండవ కారణము ప్రభుత్వ విధానము. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఆంగ్లమును ముఖ్యముగా గ్రంథాలయ భాషగా భావించినది. అనగా విద్యార్థి ఆంగ్ల గ్రంథములను చదివి గ్రహించిన చాలును. మంచి ఉద్దేశమే. కాని గ్రంథాలయములో కూర్చుండువాడు చదువరియే, గ్రంథకర్త కాడు. మన విద్యార్థిని ఆంగ్లమున గ్రంథకర్తగా ఊహించినవారే లేరు!

ఈ దారినుండి తొలగి నడచినవాడొకడున్నాడు. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు కేంద్రముగా దక్షిణదేశపు పాఠశాలలలో ఒక ప్రయోగము చేసినాడు. పిల్లలకు వ్యాకరణము చెప్పుట మాని, రైళ్ల వేళల పట్టికనో ఊరి పటమునో ముందుంచి, దానిని బట్టి ఒక చిక్కును విప్పుమనెడివాడు. అర్థముపై మనసు నిలచినప్పుడు భాష తనంతట వచ్చునని ఆయన వాదము. 1987లో వెలువడిన ఆయన గ్రంథము ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగోజీ’ని విదేశములలోను చదివినారు, చర్చించినారు. అప్పటివరకు పడమటినుండి ఇటు వచ్చుచుండిన ఆలోచన ఆ మారు ఇటునుండి అటు పోయినది.

అటు తరువాత హైదరాబాదు తానే ఇచ్చు చేయి అయినది. 1964లో ప్రారంభమైన ఐటెక్ అను భారత ప్రభుత్వ పథకము క్రింద పలు దేశముల ఉపాధ్యాయులు, ఉద్యోగులు ఆంగ్లము నేర్చుకొనుటకు ఇఫ్లూకు వచ్చుచుండిరి. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాం దేశములలో ఈ సంస్థ తోడ్పాటుతో భారతదేశము ఆంగ్ల శిక్షణ కేంద్రములను నెలకొల్పినది. వీటన్నిటిలో మమ్ము ఎక్కువగా ఆకర్షించినది శ్రీలంక ఉదంతము. ఆ ద్వీపములో ఆంగ్లమును ‘కడువ’ అందురు. సింహళములో ఆ మాటకు కత్తి యని అర్థము. పెద్దింటివారు పేదవానిని నరుకుటకు వాడు ఆయుధమని ఎత్తిపొడుపు. ఆంగ్లమును బ్రిటిషువారివలె పలుకనిచో నవ్వుదురను భయము అక్కడ పల్లెటూరి బిడ్డల గొంతు నొక్కియున్నది. శ్రీలంక ప్రభుత్వము 2009ను ఆంగ్లమునకు, సమాచార సాంకేతిక విద్యకు ప్రత్యేక సంవత్సరముగా ప్రకటించి, లండన్ వైపు గాక హైదరాబాదు వైపు చూచినది. అక్కడి ఉపాధ్యాయులు కొందరు ఇఫ్లూలో శిక్షణ పొందిపోయి తమవారికి శిక్షణ యిచ్చినారు. కాండీ చెంత పెరదెనియలో శ్రీలంక–భారత ఆంగ్ల శిక్షణ కేంద్రము ఏర్పడినది. ‘మన తీరున ఆంగ్లము’ అన్నది వారి నినాదము. పరాయి యాసను అనుకరింప నక్కరలేదు, ఎదుటివానికి అర్థమైన చాలునని దాని భావము.

ఇంతటి మెచ్చదగిన పనిలోను వ్రాత వెనుకనే ఉండిపోయినదని మేము గమనింపక తప్పదు. పెరదెనియలో ప్రధానముగా తొలగించినది మాటలాడుటలోని భయము. వ్రాయుటలోని భయము వేరు. మాటకు ఎదుటివాని ముఖము తోడుండును. అర్థము కాలేదని కనుబొమ్మ ముడివేసిన, మాట మార్చుకొనవచ్చును. కాగితమునకు కనుబొమ్మలు లేవు. అందువలన వ్రాయువానికి చదివి కనుబొమ్మ ముడివేయు మనిషి ఒకడు తప్పక కావలెను. దారుల్ తర్జుమాలో బల్లచుట్టు జరిగినదియు, ఖార్టూమ్‌లో జరిగినదియు ఇదే. ధనము, నిపుణులు, పాఠ్యగ్రంథములు సరిహద్దులు దాటి రావచ్చును. చిత్తుప్రతిని చదివి తిప్పియిచ్చు మనిషి మాత్రము విద్యార్థికి అందుబాటులో ఉండవలసినదే.

ఈ లోటునకు నేడు శిక్ష కూడ తోడైనది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో గ్రంథచౌర్య నివారణకు నియమములు చేసినది. వాటి ప్రకారము పరిశోధన గ్రంథములో పరుల వ్రాతతో పోలిక నూటికి 10 వరకు ఉన్నచో దోషము లేదు. 10 మించి 40 వరకైనచో ఆరు నెలలలోగా సవరించి యివ్వవలెను. 40 మించి 60 వరకైనచో ఒక సంవత్సరము పాటు సవరించిన ప్రతి నిచ్చుటకు వీలులేదు. 60 దాటినచో రిజిస్ట్రేషనే రద్దు. మరుసటి సంవత్సరము, 2019లో, పరిశోధనకు చేరు ప్రతివాడు 30 గంటల నీతి పాఠము చదువవలెనని నిర్ణయించినది. మంచిదే. అయితే హవాలా ఇచ్చుట నేర్పకుండ ఇవ్వనందుకు శిక్షించుట, ఈదుట నేర్పకుండ చెరువులో దింపి మునిగినందుకు కేకలు వేయుట వంటిది. 2022 చివరినుండి అడిగినదే తడవుగా ఆంగ్లమున పుటలు పుటలు వ్రాసిపెట్టు కంప్యూటరు సాధనములు కూడ అందరి సెల్‌ఫోనులలోనికి వచ్చినవి. అమీర్‌పేట వరకు పోవు ఖర్చును తప్పినది, అంతే, మాట అరువుదే. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టినారు. ఆ బిడ్డలు రేపు మన కళాశాలకు వత్తురు. మాధ్యమము మారినంతమాత్రమున వ్రాత వచ్చుననుకొనుట వట్టి ఆశ.

మరి మనమేమి చేయగలము? కళాశాల సంఘము పెద్దలు ఇక్కడ కొంచెము లెక్క చూడవలెనని మనవి. ఒక తరగతిలో 60 మంది విద్యార్థులు; ఒక్కొక్కరు ఒక పుట వ్రాసి యిత్తురు. చదివి, ప్రక్కన వ్రాసి తిప్పి యిచ్చుటకు పుటకు 10 నిమిషముల చొప్పున 600 నిమిషములు. దిద్దుకొని మరల తెచ్చిన ప్రతిని చూచుటకు ఇంకొక 600. మొత్తము 20 గంటలు, ఒకే ఒక్క పుటకు! వారమునకు ఇన్ని పీరియడ్లని కట్టుబడియున్న ఉపన్యాసకుడు ఇది చేయలేడు. చేయుచున్నట్లు రిజిస్టరులో చూపవచ్చును గాని, చేయలేడు. కావున ఆంగ్ల శాఖ మీదనే ఈ బరువును మోపుట న్యాయము కాదు. ఉర్దూ, తెలుగు, చరిత్ర, వాణిజ్య శాఖలవారము తలకు 12 మందిని పంచుకొన్నచో ఐదుగురికి తలకు 4 గంటల పని యగును. ఆధారమున్నదా, ప్రశ్న కనబడుచున్నదా, పొలము చూపి బీడుమడిని చూపినాడా అని అడుగుటకు ఆంగ్ల పాండిత్యము అక్కరలేదు. భాషాదోషములు ఆంగ్ల శాఖవారు చివరి ప్రతిలో చూచుకొందురు.

మొదటి ప్రతిని విద్యార్థి తన మాతృభాషలో వ్రాసినను మాకు అభ్యంతరము లేదు. ఉర్దూలో ఆలోచన నిలచినవానికి ఆంగ్లమున అది కూలదు. ఇఫ్లూ మనకు ఒక బస్సు ప్రయాణపు దూరములోనే ఉన్నది. అక్కడి పరిశోధక విద్యార్థులను నెలకొకమారు పిలిచి మన పిల్లల చిత్తుప్రతులను వారి యెదుట పెట్టవచ్చును. శ్రీలంకలోని ఏదేని ఒక కళాశాలతో పుటలు మార్చుకొని చదువుకొను ఏర్పాటునకు నేడు తపాలా బిళ్ల ఖర్చు కూడ లేదు. ముందుగా కావలసినది టైంటేబిలులో వారమునకు ఒక పీరియడు, దానికి ఒక గది. గురువారము మధ్యాహ్నము చివరి పీరియడులో గ్రంథాలయపు ప్రక్క గది ఖాళీగా నుండుచున్నది. అర్జీని ప్రిన్సిపాలు గారికి సమర్పించియున్నాము.